తెర మీద విరిగిన శ్రీకారం: గ్రాఫిక్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు, అరబిక్ లిపుల చరిత్ర

దోహాలోని అల్ సద్ పేరు ఫుట్‌బాల్ అభిమానులకు 1969లో పుట్టిన క్లబ్బు ద్వారా తెలుసు. స్పెయిన్ ఆటగాడు షావీ 2015లో ఆ క్లబ్బులో చేరిన తరువాత ఆ పేరు మరింత దూరం పాకింది. అక్కడ నివసించేవారికి మాత్రం అది ముందుగా ఒక వ్యాపార వీధి, ఆ వీధి చుట్టూ అపార్టుమెంట్లు, 2019 నవంబరులో మొదలైన మెట్రో గోల్డ్ లైనులో ఒక స్టేషను. ఆ ప్రాంతపు దుకాణాల బోర్డుల మీద సాధారణంగా రెండు లిపులు కనిపిస్తాయి: కుడినుంచి ఎడమకు అరబిక్, ఎడమనుంచి కుడికి ఇంగ్లీషు. ఇది వ్యాపారుల అభిరుచికి వదిలేసిన విషయం కాదు. అరబిక్ భాషా పరిరక్షణ కోసం ఖతార్ 2019లో చేసిన 7వ నంబరు చట్టం సంస్థల పేర్లు, వాణిజ్య నామాలు వంటివాటిలో అరబిక్‌కు స్థానాన్ని తప్పనిసరి చేసింది. కాబట్టి అక్కడ గ్రాఫిక్ డిజైన్ నేర్చుకునే ఎవరికైనా తొలి పాఠాల్లోనే రెండు లిపులు ఎదురవుతాయి.

ఆ వీధిలో ఉంటూ ఫోటోషాప్, ఇలస్ట్రేటర్ నేర్చుకుంటున్న ఒక తెలుగు విద్యార్థినిని ఊహించుకుంటే, ఆమెకు మూడో లిపి కూడా ఎదురవుతుంది. ఉగాదికో బతుకమ్మకో కరపత్రం చేసిపెట్టమని ఇంట్లోవాళ్లు, తెలిసినవాళ్లు అడగక మానరు. ఆమె ఇంగ్లీషు టైపు చేస్తుంది, సరిగా వస్తుంది. అరబిక్ టైపు చేస్తుంది, ఒక అమరిక మార్చాక అదీ సరిగా వస్తుంది. తెలుగులో ‘శ్రీ’ అని టైపు చేస్తే తెర మీద ‘శ్‌రీ’ అని పడుతుంది. ‘రాష్ట్రం’ అన్న మాట ‘రాష్‌ట్‌రం’గా చీలిపోతుంది. ఒత్తులన్నీ తమ చోటు వదిలి, పొల్లు హల్లులుగా మారి, వరుసలో నిలబడతాయి. కంప్యూటరు అదే, సాఫ్ట్‌వేరు అదే, కీబోర్డు అదే. ఫోనులో వాట్సాప్ సందేశంలో చక్కగా కనిపించిన అదే మాట డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి రాగానే విరిగిపోతుంది.

ఈ అనుభవం గ్రాఫిక్ డిజైన్ చేసే తెలుగువారిలో చాలామందికి కొత్త కాదు. దీనికి సాధారణంగా వినిపించే సమాధానం ‘తెలుగు లిపి సంక్లిష్టమైనది, అందుకే కంప్యూటరుకు కష్టం’ అన్నది. ఆ సమాధానం నిలబడదు. అరబిక్ లిపి తెలుగుకంటే సులువైనది కాదు. కొన్ని విషయాల్లో యంత్రానికి అదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. రెండు లిపుల మధ్య వచ్చిన తేడా లిపుల స్వభావంలో లేదు. వాటికోసం ఎవరు, ఎప్పుడు, ఏ ధరకు సాఫ్ట్‌వేర్ రాయించుకున్నారన్న దానిలో ఉంది.

అక్షరం అంటే పెట్టె అనుకున్న యంత్రం

డిజైన్ సాఫ్ట్‌వేర్ లాటిన్ లిపిని దృష్టిలో పెట్టుకుని పుట్టింది. ఆ లిపిలో ఒక మీటకు ఒక అక్షరం, ఒక అక్షరానికి ఒక రూపం, ఒక రూపానికి ఒక పెట్టె. పెట్టెలను వరుసగా పేర్చుకుంటూ పోతే వాక్యం తయారవుతుంది. తెలుగు అలా నడవదు. ‘క్ష్మి’ అన్న ఒక్క అక్షరంలో మూడు హల్లులు, ఒక అచ్చు ఉన్నాయి. మొదటి హల్లు పైన గుడి కూర్చుంటుంది, రెండో హల్లు దాని రూపంతో కలిసిపోతుంది, మూడోది ఒత్తుగా మారి కిందికో పక్కకో జరుగుతుంది. ‘కై’లో ఐత్వానికి రెండు ముక్కలున్నాయి: ఒకటి హల్లు తల మీద, రెండోది దాని కింద. మీట నొక్కిన వరుస వేరు, కన్ను చూసే వరుస వేరు. ఈ రెంటి మధ్య ఎవరో లెక్క వేయాలి. ఆ లెక్క వేసే సాఫ్ట్‌వేర్ భాగాన్ని షేపింగ్ ఇంజిన్ అంటారు. అది లేకపోయినా, ఉండి నిద్రపోతున్నా, ఒత్తులు విరుగుతాయి.

అరబిక్‌కూ అదే అవసరం. అక్కడ అక్షరం పదం మొదట్లో ఒక రూపంలో, మధ్యలో ఇంకో రూపంలో, చివర మరో రూపంలో, ఒంటరిగా ఉంటే వేరే రూపంలో ఉంటుంది. కొన్ని అక్షరాలు తమ తరువాతి అక్షరంతో కలవనే కలవవు. పైగా రాత కుడినుంచి ఎడమకు, అందులో అంకెలు ఎడమనుంచి కుడికి. పంక్తిని నింపడానికి మాటల మధ్య ఖాళీని పెంచడం కాక, అక్షరాలను కలిపే గీతనే సాగదీస్తారు. దాన్ని కషీదా అంటారు. ఇంగ్లీషు డిజైనర్లు శీర్షికలకు అలవాటుగా చేసే పని ఒకటి ఉంది: అక్షరాల మధ్య ఎడం పెంచడం. అదే పని అరబిక్ మీద చేస్తే కలిసి ఉండవలసిన అక్షరాలు తెగిపోతాయి. తెలుగు మీద చేస్తే, ఇంజిన్ సరిలేనిచోట, ఒత్తు తన తల్లి అక్షరాన్ని వదిలి పక్క అక్షరం కిందికి పోతుంది. దోహాలో చదివే విద్యార్థికి అరబిక్ గురించి ఈ హెచ్చరిక తరగతిలోనే వినిపిస్తుంది. తెలుగు గురించి చెప్పేవారు ఉండరు.

చేతికి తెలిసినది

యంత్రం రాకముందు ఈ చిక్కు లేదని కాదు. 1740లలో జర్మనీలోని హాలే పట్టణంలో బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలు అచ్చు వేయించిన నాటినుంచి, ఒత్తులను సీసపు ముక్కల్లో ఎలా ఇమడ్చాలన్నది ముద్రాపకులందరినీ వేధించిన ప్రశ్నే. ఇంగ్లీషుకు సరిపోయే టైపు కేసులు తెలుగుకు ఏమాత్రం చాలవు. గుణింతాలకు, ఒత్తులకు విడివిడిగా వందల ముక్కలు పోత పోయాలి. అయినా ఆ చిక్కును కంపోజిటరు చేయి పరిష్కరించేది. ఏ ముక్క కింద ఏ ముక్క పెట్టాలో అతనికి తెలుసు.

శీర్షికలు, సినిమా పోస్టర్లు, పుస్తకాల అట్టలు రాసే చిత్రకారులకైతే ఆ మాత్రం అడ్డు కూడా లేదు. బాపు అక్షరాల్లో ఒత్తులు ఎటు కావాలంటే అటు ఒరిగాయి. ఆయన చేతిరాత తరువాతి కాలంలో కంప్యూటరు ఫాంటుగా మారి శుభలేఖలన్నిటినీ ఆక్రమించింది. బాపు తీసిన సాక్షి (1967) చిత్రంతో పోస్టర్ల రంగంలో పేరు తెచ్చుకున్న ఈశ్వర్, ఆ తరువాత దశాబ్దాల పాటు సినిమా పేర్లకు రూపాలు ఇచ్చారు. ఆ పేర్లలో కొమ్ము ఖడ్గం కాగలదు, సున్నా సూర్యబింబం కాగలదు. ఒత్తు అక్కడ అడ్డంకి కాదు, అలంకారానికి దొరికిన అవకాశం. తెలుగు లిపి గుండ్రదనంతో, కిందికి దిగే ఒత్తులతో ఎంత ఆడుకోవచ్చో కుంచెకు తెలుసు. యంత్రం వచ్చాక పోయింది ఈ తెలివిడి. బ్రష్ చేతిలో ఉన్నంతకాలం తెలుగు అక్షరానికి లేని వైకల్యం మౌస్ చేతిలోకి రాగానే వచ్చింది. డిజిటల్ కళను అభివృద్ధిగా మాత్రమే చెప్పుకునే చరిత్రలు ఈ నష్టాన్ని లెక్కలో వేయవు.

మారువేషపు అక్షరాలు

అడోబీ సంస్థ 1982 చివర ఏర్పడింది. దాని పోస్ట్‌స్క్రిప్ట్ భాష 1984లో, దాని ఆధారంగా పనిచేసే ఆపిల్ లేజర్ ప్రింటరు, ఆల్డస్ పేజ్‌మేకర్ 1985లో వచ్చాయి. 1987లో ఇలస్ట్రేటర్, 1989లో కోరెల్‌డ్రా, 1990లో ఫోటోషాప్. అయిదారేళ్లలో కంపోజిటరు, లెటరింగ్ ఆర్టిస్టు, ప్లేట్ మేకర్ అనే ముగ్గురి పని ఒక బల్ల మీదికి చేరింది. తెలుగునాట దీనికి డి.టి.పి. అన్న మూడక్షరాల పేరు స్థిరపడింది. 1990లలో పేజ్‌మేకర్, కోరెల్‌డ్రా, ఫోటోషాప్ కలిపి నేర్పే డి.టి.పి. కోర్సులు పట్టణాల్లో వీధివీధినా వెలిశాయి.

ఈ సాఫ్ట్‌వేర్లలో దేనికీ తెలుగు తెలియదు. కానీ పత్రికలు ఆగవు, ఎన్నికల కరపత్రాలు ఆగవు, శుభలేఖలు అసలే ఆగవు. కాబట్టి ఒక ఉపాయం పుట్టింది. ఆనాటి ఫాంటులో 256 గదులుండేవి. వాటిలో ఇంగ్లీషు అక్షరాలుండేచోట తెలుగు ముక్కలు పెట్టేశారు. ఒక గదిలో తలకట్టు, ఒకదానిలో కొమ్ము, ఒకదానిలో తవొత్తు. ఇంగ్లీషు రాస్తున్నాననే భ్రమలో యంత్రం ఆ ముక్కలను పేర్చుకుంటూ పోతుంది. చూసేవారికి తెలుగు కనిపిస్తుంది. 256 గదులు చాలక కొన్నిచోట్ల ఒకే రూపానికి రెండు మూడు ఫాంట్లు వాడేవారు. అను స్క్రిప్ట్ మేనేజర్, శ్రీలిపి, సి-డాక్ వారి లీప్ ఆఫీస్ వంటివి ఈ పనికి కీబోర్డు సదుపాయాన్ని అమర్చిపెట్టాయి.

ఈ ఉపాయాన్ని ఇప్పుడు తప్పుపట్టడం తేలిక. అయితే అది లేకపోతే రెండు దశాబ్దాల తెలుగు ప్రచురణే ఉండేది కాదు. ఒక రకంగా అది కంపోజిటరు చేతి తెలివికి డిజిటల్ రూపం: ముక్కలను ఏరి, పక్కపక్కన పేర్చి, కన్నును ఒప్పించడం. ఆ ఫాంట్ల అందచందాలు కూడా తక్కువవి కావు. ఈనాటికీ అచ్చాఫీసుల్లో అను వాడకం పూర్తిగా తగ్గకపోవడానికి అలవాటు ఒక్కటే కారణం కాదు. వాటిలో ఉన్నన్ని రకాల రూపాలు, బరువులు చాలాకాలం వేరేచోట దొరకలేదు.

ధర మాత్రం పెద్దదే. అలా దాచిన పాఠంలో తెలుగు లేదు, తెలుగులా కనిపించే ఇంగ్లీషు గుర్తుల గందరగోళం ఉంది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని లాటిన్ అక్షరాలు బయటపడతాయి. వెతకడం కుదరదు, అకారాది క్రమంలో పెట్టడం కుదరదు, చూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అది అర్థం కాదు. అచ్చాఫీసుకు పంపేముందు డిజైనర్లు కోరెల్‌డ్రాలో కంట్రోల్-క్యూ నొక్కి అక్షరాలను వంపు గీతలుగా మార్చేవారు. ఆ క్షణంనుంచి అది పాఠమే కాదు, బొమ్మ. ఒక తరం డిజైనర్లకు తెలుగు అంటే బొమ్మగా మార్చవలసిన వస్తువు అన్న అలవాటు ఇలా పడింది.

పత్రికల వెబ్‌సైట్లూ ఇదే దారి పట్టాయి. ఒక్కో దినపత్రికకు ఒక్కో ఫాంటు, ఒక్కో గదుల పట్టిక. పాఠకుడు ఒక్కోదాన్నీ దింపుకోవాలి. ఆ వేర్వేరు పట్టికలను అర్థం చేసుకుని యూనికోడ్‌లోకి మార్చడానికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు ‘పద్మ’ అనే పొడిగింపు రావలసి వచ్చింది. విదేశాల్లోని తెలుగువారు ఈలోగా వేరే మార్గం వెతుక్కున్నారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకుని, దాన్ని తెలుగు లిపిలోకి మార్చుకునేవారు. టెక్ అనే ముద్రణ వ్యవస్థకు తెలుగు తొడుగు 1990ల ఆరంభంలోనే తయారైంది. చదవడానికి, చర్చించుకోవడానికి అవి పనికొచ్చాయి. బొమ్మలతో అక్షరాలను కలిపి పోస్టరు చేయవలసినవారికి మాత్రం అవి ఉపయోగపడలేదు.

అరబిక్ నడిచిన దారి

ఇదే కాలంలో అరబిక్ కథ వేరుగా నడిచింది. కువైట్‌లోని అల్ ఆలమియా సంస్థ 1980లలోనే ‘సఖర్’ పేరుతో అరబిక్ తెలిసిన ఇంటి కంప్యూటర్లను అమ్మింది. లండన్‌లోని దివాన్ సంస్థ ఆపిల్ కంప్యూటర్లమీద అరబిక్ పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ తయారుచేసి అరబ్బు పత్రికలకు అందించింది. ఫ్రాన్స్‌కు చెందిన విన్‌సాఫ్ట్ సంస్థ అడోబీతో ఒప్పందం కుదుర్చుకుని, ఫోటోషాప్, ఇలస్ట్రేటర్, ఇన్‌డిజైన్‌లకు ప్రత్యేకంగా మధ్యప్రాచ్య సంచికలను విడుదల చేసింది. కషీదా, కుడినుంచి ఎడమకు నడిచే పంక్తులు, రెండు రకాల అంకెలు అన్నీ వాటిలో ఉండేవి.

కారణం కనుక్కోవడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. గల్ఫ్ ప్రభుత్వాలు, పత్రికలు, ప్రకటన సంస్థలు సాఫ్ట్‌వేర్‌ను డబ్బు పెట్టి కొన్నాయి. కొనేవాడు అడిగినది అమ్మేవాడు తయారుచేస్తాడు. తెలుగుదేశంలో పేజ్‌మేకర్, ఫోటోషాప్ వాడినవారి సంఖ్య తక్కువేం కాదు. అయితే ఆ వాడకంలో చాలాభాగం దొంగ ప్రతులతో సాగింది. అమ్మకాల పట్టికలో కనిపించని వాడకందారు కోరిక ఎవరికీ వినిపించదు. ప్రభుత్వం తయారుచేయించిన ప్రమాణాలు లేకపోలేదు. ఐ.ఐ.టి. కాన్పూరులో మొదలై సి-డాక్‌లో పెరిగిన జిస్ట్ పరిజ్ఞానం, 1991లో భారత ప్రమాణంగా వెలువడిన ఇస్కీ సంకేతపట్టిక రెండూ శాస్త్రీయంగా మంచివే. తెలుగు పాఠాన్ని ఉచ్చారణ క్రమంలో దాచి, రూపాన్ని యంత్రం లెక్కవేయాలన్న సూత్రం వాటిదే. కానీ అవి కార్యాలయాల టేబుళ్ల దగ్గరే ఆగిపోయాయి. డిజైనరు వాడే పనిముట్లలోకి రాలేదు.

ఖతార్‌లో చదువు కూడా సాఫ్ట్‌వేర్‌తో పాటే ఎదిగింది. వర్జీనియా కామన్వెల్త్ విశ్వవిద్యాలయపు కళాశాఖ దోహాలో 1998లో మొదలై గ్రాఫిక్ డిజైన్‌లో పట్టా చదువు నేర్పుతోంది. 1996లో ప్రసారాలు మొదలుపెట్టిన అల్ జజీరా చిహ్నం, అరబిక్ నగీషీ రాతలో నీటిబొట్టులా మలచిన పేరు, ప్రపంచమంతా గుర్తుపట్టే ముద్ర అయింది. 2019 సెప్టెంబరు 3న ఆవిష్కరించిన 2022 ప్రపంచకప్ చిహ్నంలో లాటిన్ అక్షరాలకే కషీదాను తలపించే సాగదీత ఇచ్చారు. లాటిన్ లిపి అరబిక్ అలవాట్లను అరువు తెచ్చుకున్న అరుదైన సందర్భం అది. తెలుగు విషయంలో అరువు ఎప్పుడూ ఎదురు దిశలోనే నడుస్తుంది: ఇంగ్లీషు మాట పక్కన ఒదగడం కోసం తెలుగు మాటను నొక్కి, ఒత్తులు పంక్తిలో ఇరుక్కునేలా కుదిస్తారు. అడోబీ సాఫ్ట్‌వేర్ పంక్తుల మధ్య ఎడాన్ని అక్షర పరిమాణానికి 120 శాతంగా తనంతట తానే పెడుతుంది. ఇంగ్లీషుకు అది చాలు. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ వంటి మాటల్లో ఒత్తు కింద ఒత్తు వచ్చినచోట, కింది పంక్తిలోని గుడిదీర్ఘం వచ్చి దానికి తగులుకుంటుంది.

సంకేతానికీ పనిముట్టుకూ మధ్య

యూనికోడ్ మొదటి సంచిక 1991 అక్టోబరులో వచ్చింది. తెలుగుకు ఇస్కీ ఆధారంగా 128 గదులు కేటాయించారు. ఇక తెలుగు అక్షరం ఇంగ్లీషు మారువేషం వేయనక్కరలేదు; దానికి సొంత చిరునామా ఉంది. ఫాంటులోనే ఒత్తుల నియమాలను పొందుపరిచే ఓపెన్‌టైప్ పద్ధతిని 1996లో ప్రకటించారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. ఆ కాలంలోనే తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు తొలితరం యూనికోడ్ రచయితలకు ఆధారమయ్యాయి. ఉత్తరాలు, బ్లాగులు, వికీపీడియా అన్నీ తెలుగులో మొదలయ్యాయి.

డిజైనరుకు మాత్రం ఏమీ మారలేదు. విండోస్‌కు తెలుగు తెలిసినా, ఆ విండోస్ మీద నడిచే ఫోటోషాప్ తన సొంత ఇంజిన్‌నే వాడేది; దానికి తెలియదు. ఇన్‌డిజైన్‌లో తెలుగుతో సహా పది భారతీయ భాషలకు అధికారికంగా తోడ్పాటు 2012లో, సి.ఎస్.6 సంచికతో వచ్చింది. యూనికోడ్‌లో తెలుగుకు చిరునామా దొరికిన 21 ఏళ్ల తరువాత. ఆ 21 ఏళ్లలోనే తెలుగు డిజైనర్లలో ఒక తరం యూనికోడ్‌ను ‘డిజైన్‌కు పనికిరానిది’గా నిర్ణయించుకుని అనులో స్థిరపడింది. ఆ నిర్ణయం అప్పటికి సరైనదే. తరువాత దాన్ని తిరిగి పరిశీలించే తీరిక ఎవరికీ దొరకలేదు.

ఈ దశలో కథ మళ్లీ గల్ఫ్ వైపు తిరుగుతుంది. లైనక్స్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లోకంలో హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ ఇంజిన్ తయారైంది. దాని ప్రధాన కర్త బెహ్‌దాద్ ఎస్ఫాబోద్, ఇరాన్‌లో పుట్టినవాడు. ‘హర్ఫ్’ అంటే పారశీకంలో అక్షరం, ‘బాజ్’ అంటే తెరిచి ఉన్నది. ఓపెన్‌టైప్ అన్న మాటకే అది పారశీక అనువాదం. ‘హర్ఫ్’ తెలుగువారికి పూర్తిగా పరాయి మాట కాదు, హైదరాబాదు ఉర్దూలో రోజూ వినిపించేదే. అరబిక్ లిపితో పెరిగినవారు తమ అక్షరాలు తెగిపోవడాన్ని చూసి రాసుకున్న ఇంజిన్ అక్కడితో ఆగక, 2010 తరువాతి కొద్ది సంవత్సరాల్లో తెలుగు, కన్నడం, మలయాళం వంటి భారతీయ లిపుల నియమాలను కూడా తనలో ఇముడ్చుకుంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ అన్నీ దాన్ని వాడుతున్నాయి. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్, గింప్‌లలో తెలుగు సరిగా రావడానికి ఆధారం అదే. పేజీలు కూర్చే స్క్రైబస్‌లో సంక్లిష్ట లిపుల తోడ్పాటు కోసం ఒమాన్‌కు చెందిన బృందం ఒకటి శ్రమించింది. ఆ పని ఫలితం 2017 నాటి 1.5.3 సంచికలో చేరింది. అరబిక్ కోసం పడ్డ ఆ శ్రమ వల్ల స్క్రైబస్‌లో తెలుగు ఒత్తులు కూడా కుదురుకున్నాయి. చివరికి అడోబీ సైతం భారతీయ లిపులకోసం తాను వాడుతూ వచ్చిన ‘లిపిక’ అనే ఇంజిన్‌ను పక్కనపెట్టి, ఇన్‌డిజైన్ ఇటీవలి సంచికల్లో హార్ఫ్‌బజ్‌కు మారింది.

అంటే అల్ సద్‌లోని విద్యార్థిని తెర మీద ‘శ్రీ’ సరిగా కూర్చున్నప్పుడు దాని వెనక ఉన్నది ఎక్కువగా తెలుగు సంస్థల కృషి కాదు. అరబిక్, పారశీక లిపుల కోసం పడ్డ శ్రమలో తెలుగుకు దక్కిన వాటా అది. ఈ మాట కొంచెం ఇబ్బందిగా ఉండవచ్చు గాని, చరిత్ర అలాగే ఉంది.

ఇంజిన్‌లో చిన్న లోపం ఎంత దూరం పోగలదో 2018 ఫిబ్రవరిలో తెలిసింది. ‘జ్ఞా’ అన్న అక్షరం ఒక ప్రత్యేకమైన వరుసలో, మధ్యలో కంటికి కనిపించని విభజక గుర్తుతో ఐఫోనుకు సందేశంగా అందితే, ఆ సందేశం తెరిచిన యాప్ కుప్పకూలేది. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 సంచిక విడుదల చేసి సరిదిద్దింది. ప్రపంచ పత్రికలు ‘ఐఫోన్‌ను పడగొట్టే తెలుగు అక్షరం’ అని శీర్షికలు పెట్టాయి. లోపం అక్షరానిది కాదు, దాన్ని లెక్కవేయవలసిన సాఫ్ట్‌వేర్‌ది. శీర్షికల్లో నింద మాత్రం అక్షరం మీదే పడింది. తెలుగువారు కూడా దాన్ని హాస్యంగా పంచుకున్నారు తప్ప, ఆ అక్షరం జ్ఞానంలోని మొదటి అక్షరమన్న సంగతి మీద నవ్వుకోవడంతో సరిపెట్టారు.

రూపాల కరువు, ఆపై దాచిన మీట

ఇంజిన్ బాగుపడినంత మాత్రాన డిజైన్ బాగుపడదు; ఫాంట్లు కావాలి. ఈ విషయంలో విదేశీ తెలుగువారి పాత్ర నిజంగా పెద్దది. కాలిఫోర్నియాలోని సిలికానాంధ్ర సంస్థ పూనుకుని తయారు చేయించిన స్వేచ్ఛా ఫాంట్లు, వాటిలో మండలి, రామభద్ర, ఎన్.టి.ఆర్. వంటివి పురుషోత్ కుమార్ గుత్తుల గీసినవి, 2014 నాటికి గూగుల్ ఫాంట్స్‌లో చేరాయి. మూర్తి క్లాసికల్ లైబ్రరీ గ్రంథాల కోసం ఫియోనా రాస్, జాన్ హడ్సన్ రూపొందించిన తెలుగు అక్షరాలు తరువాత ‘టైరో తెలుగు’గా అందరికీ దొరికాయి, 2015లో ఆ గ్రంథమాల తొలి సంపుటాల్లో పెద్దన మనుచరిత్ర ఒకటి. ముంబయిలోని ఏక్ టైప్ బృందం 2022లో విడుదల చేసిన ‘అనేక్’లో తెలుగుకు సన్నంనుంచి లావు వరకు, ఇరుకునుంచి వెడల్పు వరకు ఒకే కుటుంబంలో రూపాలు వచ్చాయి. అదే బృందం ‘బాలూ’ ఫాంటుకు తెలుగు రూపాన్ని చేసి దానికి ‘తమ్ముడు’ అని పేరు పెట్టింది. మరో సంస్థ తన ‘హింద్’ ఫాంటు తెలుగు రూపానికి ‘గుంటూరు’ అని పెట్టుకుంది. పేర్లవరకూ తెలుగువారికి కొదవ చేయలేదు. అయినా లాటిన్ లిపికి వేలల్లో ఉన్న రూపాలతో పోలిస్తే ఇది చిన్న గంప. సినిమా పేర్లలో కుంచె చూపిన వైవిధ్యానికి ఇది ఇంకా దగ్గరికి రాలేదు.

ఇప్పటి చిక్కు మరింత విచిత్రమైనది: సామర్థ్యం ఉంది, కాని మూసిపెట్టి ఉంది. ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి టైప్ విభాగంలో ‘షో ఇండిక్ ఆప్షన్స్’ అన్న గడి టిక్ చేసి, పేరాగ్రాఫ్ పలకలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకుంటే తప్ప ఒత్తులు కూడుకోవు. ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. ఆ మెనూ పేరులోనే చరిత్ర అచ్చుపడి ఉంది: మధ్యప్రాచ్యం ముందు, దక్షిణాసియా దాని వెనక. దోహాలో అరబిక్ పాఠం చెప్పే గురువు ఆ మెనూను తొలి వారంలోనే చూపిస్తాడు కాబట్టి, అక్కడ చదివే తెలుగు విద్యార్థికి ఒక అనుకోని లాభం ఉంది. అరబిక్‌కోసం తెరిచిన మెనూలోనే తెలుగు కూడా బాగుపడుతుంది. హైదరాబాదులోనో డాలస్‌లోనో ఇంగ్లీషు పాఠాలు చూసి సొంతంగా నేర్చుకునేవారికి ఆ గడి ఉన్నట్టే తెలియకపోవచ్చు. వారు ‘తెలుగు రాదు’ అనుకుని ఇంగ్లీషులోనే పోస్టరు చేసేస్తారు, లేదా వేరేచోట టైపు చేసిన తెలుగును బొమ్మగా తీసుకొచ్చి అతికిస్తారు. పరాయి దేశంలో పెరిగే పిల్లలకు తెలుగు అక్షరం కంటబడే చోట్లు అసలే తక్కువ. సంఘాల పోస్టర్లు, ఆహ్వానాలు వాటిలో ముఖ్యమైనవి. అవి ఇంగ్లీషుకు మారిపోతే మిగిలేవి ఇంకా తక్కువ.

ఇంకొక పని వెనక్కి చూసి చేయవలసింది ఉంది. 1990లు, 2000లలో ప్రపంచమంతటా తెలుగు సంఘాలు వేసిన సావనీర్లు, పుస్తకాలు, పత్రికల ఫైళ్లు ఎన్నో పేజ్‌మేకర్ రూపంలో, మారువేషపు ఫాంట్లలో పాత డిస్కుల్లో మిగిలాయి. పేజ్‌మేకర్ కొత్త కంప్యూటర్ల మీద నడవదు. అక్షరాలను వంపులుగా మార్చి దాచినవాటిలో వెతకడానికి పాఠమే లేదు. వాటిని మళ్లీ చదివి టైపు చేయాలి, లేదా బొమ్మనుంచి అక్షరాలు గుర్తించే సాఫ్ట్‌వేర్‌కు అప్పగించి, అది ఒత్తుల దగ్గర చేసే తప్పులను ఒక్కొక్కటిగా దిద్దుకోవాలి. పాఠంగా మిగిలినవాటికి మాత్రం దారి ఉంది. ఏ గదిలో ఏ ముక్క దాచారో చెప్పే పట్టిక ఆ ఫాంటుకు దొరికితే చాలు; ముక్కలను తిరిగి ఉచ్చారణ క్రమంలోకి తెచ్చి యూనికోడ్‌గా మార్చవచ్చు. ఫాంటు ఫైలే పోతే, డిస్కు చేతిలో ఉన్నా ఆ పట్టికను ఊహతో కట్టుకోవలసిందే.